వైన్‌కీ మన కూరలకీ పొత్తు కుదరకపోతే

సీసాలో లోపం ఉండదు, కూరలోనూ ఉండదు. రెండూ కలిసి నోట్లో పడ్డాకే తేడా తెలుస్తుంది. ఇంకో సీసా తెరిచేముందు వరసగా మూడు చూడండి: వైన్ ఎంత చల్లగా ఉంది, కంచంలో ఉప్పూ పులుపూ ఎంత, ఆ తర్వాతే ద్రాక్ష రకం.

గుక్క వేయగానే కారం భగ్గుమంటోంది, నాలుక పిడచకట్టుకుపోతోంది

గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న కాబెర్నే సావిన్యాన్ గానీ షిరాజ్ గానీ (రెండూ ఎర్ర వైన్లే) పెడితే జరిగేది ఇదే. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాలను రేపుతుంది, ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. దానికి తోడు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చిన టానిన్ల వగరు.

ఆల్కహాల్ తక్కువగా, తీపి కాస్త మిగిలి ఉన్న తెల్ల వైన్ తీసుకోండి. జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్‌లలో 'కాబినెట్' తరగతివి 8-9 శాతంలోనే దొరుకుతాయి. లేబుల్ మీద 'ట్రోకెన్' అని ఉంటే అది తీపి లేనిది, ఈ వేపుడుకి పనికిరాదు. 8-10 డిగ్రీల చల్లదనంలో పోయండి. ఎర్రదే కావాలంటే వగరు తక్కువుండే గమే, అదీ ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచాక.

సువాసన చూసి చాలామంది గెవుర్ట్స్‌ట్రామినర్ అనే తెల్ల వైన్ కొంటారు. అందులో పులుపు తక్కువ, ఆల్కహాల్ తరచుగా 13 శాతం దాటుతుంది. నెయ్యి, కుంకుమపువ్వు ఉన్న దమ్ బిర్యానీకి బాగుంటుంది, వేపుడుకి కాదు.

గోంగూర, చింతపండు పులుసు పక్కన వైన్ చప్పగా ఉంది

కూర పులుపు వైన్ పులుపుని మించిపోయింది. పుల్లటి తెల్ల వైన్ సావిన్యాన్ బ్లాంక్‌కి మారండి. గోంగూర మాంసంలో పులుపుతో పాటు కారమూ ఉంటుంది కాబట్టి దానికి షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ మేలు: ఈ ద్రాక్ష తీపిగా చేసినా పులుపు పోగొట్టుకోదు. ఫ్రాన్స్‌లోని వూవ్రే నుంచి వచ్చినదైతే 'సెక్' (తీపి లేనిది) కాదు, 'డెమి-సెక్' (కాస్త తియ్యనిది) అడగండి. నాసిక్‌లోనూ ఈ ద్రాక్ష పండిస్తారు.

చేప తిన్నాక ఎర్ర వైన్ తాగితే నీచు, ఇనుప రుచి

కారణం వైన్‌లోని ఇనుము. 2009లో జపాన్ పరిశోధకులు దీన్ని చూపించారు. ఇనుము ఎక్కువున్న వైన్‌తో నీచు పెరుగుతుంది. చేపల పులుసుకి తెల్ల వైనే పోయండి.

ఎర్ర వైన్ ముక్కుకి ఘాటుగా కొడుతోంది

'గది ఉష్ణోగ్రతలో తాగాలి' అన్న మాట చలిదేశపు ఇళ్లది. మే నెలలో మన గది 32 డిగ్రీలు దాటుతుంది, ఎర్ర వైన్‌కి కావలసింది 16-18. సీసాని గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. గ్లాసులో ఐసు వేస్తే రుచి పలచబడుతుంది.

బొబ్బట్లతో వైన్ పుల్లగా మారింది

వైన్ ఎప్పుడూ పిండివంట కంటే తియ్యగా ఉండాలి. ద్రాక్షని ఆలస్యంగా కోసి చేసిన తియ్యటి షెనిన్, లేదా ఫ్రాన్స్ తియ్యటి తెల్ల వైన్ సోటెర్న్.

కాబెర్నే సీసా ఇప్పటికే తెరిచేశారు

కారం తగ్గించి కాల్చిన మటన్ కబాబ్ చేయండి. టానిన్లు మాంసకృత్తులను పట్టుకుంటాయి, వగరు మెత్తబడుతుంది. ఇంకా చేదనిపిస్తే కబాబ్ మీద చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మళ్లీ గుక్క వేయండి.