ఓబీ గుట్టకు తోడు పెట్టడం

ఇల్లందు దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్ట మీద నేను మొదటిసారి పెట్టించిన కానుగ మొక్కలు దసరాకల్లా సగం ఎండిపోయాయి. నీళ్లు చాలలేదనుకున్నా. మా నర్సరీలో పనిచేసే అక్క ఒక మొక్క పీకి వేరు చూపించింది. గాలిలోని నత్రజనిని పట్టే బుడిపె ఒక్కటీ లేదు.

బొగ్గు పైనుంచి తవ్విపోసిన ఇసుకరాయి, షేల్ పొడిలో ప్రాణం ఎక్కడిది? పైన పరిచిన మట్టి కూడా ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్ప పోసిందే. లోపల గాలాడక మురిగిన వాసన. పైమట్టి కుప్పను మనిషి ఎత్తు దాటనివ్వకండి, పైన జనుము చల్లండి. బతికున్న వేరు లేకపోతే మొక్కకు భాస్వరం అందించే వేరు శిలీంధ్రానికి, అదే మేం వ్యామ్ అనేదానికి, తిండి లేదు. తీసిన మట్టిని తీసినట్టే తీసుకెళ్లి పరిస్తే ఇంకా మేలు.

పాలకు తోడు కావాలి కదా, గుట్టకూ అంతే. ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. దగ్గర్లోని ఏపుగా ఉన్న కానుగ, తుమ్మ చెట్ల కింద ఆకు పక్కకు నెట్టి, జానెడు లోతు నుంచి సన్నవేళ్లతో సహా రెండు గంపల మట్టి తీయండి (అడవిలో అయితే ఫారెస్టు వాళ్లను అడిగే). కడిగిన ఇసుక కలిపి కుండీల్లో జొన్న విత్తండి. జొన్నకు పీచువేళ్లు ఎక్కువ, వ్యామ్ ఇట్టే పడుతుంది. డీఏపీ మాత్రం వద్దు. భాస్వరం దండిగా దొరికితే మొక్క శిలీంధ్రాన్ని దగ్గరికి రానీయదు. మూడు నెలలయ్యాక నీళ్లు ఆపి, పది రోజులకు పైరు కోసేసి, వేళ్లు తరిగి అదే మట్టిలో కలపండి. తోడు తయారు. నీడన దాచండి.

కవర్లలో కానుగ గింజ కింద గుప్పెడు వేయండి. వేరు దాన్ని తాకాలి, ఊరికే పైన చల్లితే దండగ. బుడిపెల కోసం రైజోబియం బాక్టీరియాను వేరే పట్టించాలి. నేనైతే మంచి కానుగ మొక్క బుడిపెలు నలిపి, బెల్లం నీళ్లలో కలిపి గింజకు పూస్తాను. బుడిపె కోస్తే లోపల గులాబీ రంగుండాలి.

తొలకరికి గుట్ట మీద జీలుగ చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరచండి. ఆ తర్వాతే గుంతలు, పెంట, మొక్కలు.

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం ఎక్కువ చూపిస్తే సంబరపడకండి, బొగ్గు నలుసులు కూడా ఆ లెక్కలో చేరతాయి. నా పరీక్ష పాత నూలు లుంగీ ముక్క, మట్టిలో ప్రాణముంటే అది కుళ్లిపోతుంది. జానెడు లోతున పాతి రెండు నెలలకు తీస్తాను. మొదటి ఏడు ఉతికి మళ్లీ కట్టుకునేలా వచ్చింది. మొన్న తీస్తే అంచులోని పాలిస్టర్ దారం మాత్రమే చేతికొచ్చింది.