నలుపు తెలుపు మర్డర్ మిస్టరీ పెట్టే ముందు టీవీలో ఇవి మార్చండి

1944 నాటి 'లారా' లాంటి సినిమా పెట్టే ముందు పిక్చర్ మోడ్‌ని 'సినిమా' లేదా 'ఫిల్మ్ మేకర్'కి మార్చండి. 'వివిడ్'లో తెలుపు నీలం తిరుగుతుంది, నీడలు నల్లటి ముద్దవుతాయి. ఈ కథల్లో సగం సంగతులు ఆ నీడల్లోనే ఉంటాయి మరి. ప్రింట్‌లో ఆకుపచ్చ ఛాయ గానీ ఊదా ఛాయ గానీ కనిపిస్తే 'కలర్' సున్నాకి దించేయండి.

తర్వాత బ్రైట్‌నెస్. చీకటి సీన్ దగ్గర పాజ్ చేసి, నల్లకోటు మడతలు లీలగా కనిపించేదాకా పెంచండి. తెర పక్కనున్న నల్లపట్టీలు బూడిదరంగుకి తిరిగితే ఎక్కువైనట్టే, ఒకటి రెండు పాయింట్లు తగ్గించండి.

ఆ పట్టీలు నచ్చక 'జూమ్' నొక్కేవాళ్లున్నారు. వద్దు! 1932 నుంచి 1953 దాకా వచ్చిన హాలీవుడ్ సినిమాలు దాదాపు అన్నీ 1.37:1 కొలతలోవే, అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. 16:9 తెర నిండా సాగదీస్తే మనుషులు లావవుతారు, జూమ్ చేస్తే పైనా కిందా కలిపి పావు వంతు దాకా బొమ్మ పోతుంది.

మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు కలిపి కదలికని నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి, లేదంటే డైలీ సీరియల్ చూస్తున్నట్టుంటుంది. సబ్‌టైటిల్స్ పసుపు రంగులో పెట్టుకోండి, తెల్లచొక్కా మీద తెల్లక్షరాలు చదవలేం. ట్యూబ్‌లైట్ ఆర్పి, టీవీ వెనక చిన్న బల్బు వేసుకుంటే చాలు.