కిల్ కొడితే వేరే ప్రాసెస్ చచ్చిపోతోందా? కారణం ఇది, పరిష్కారం ఇది

సమస్య: ఒక సర్వీసు రీస్టార్ట్ చేస్తే దానికి ఏ సంబంధం లేని ఇంకో సర్వీసు పడిపోతుంది.

రోజూ జరిగేదైతే ఎవరైనా పట్టేస్తారు, ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, అదే తలనొప్పి. ఆదోని దగ్గర ఒక పత్తి మిల్లులో చూసిన సంగతి చెప్తాను. కాటా మీదికి లారీ ఎక్కితే బరువు చదివే ప్రోగ్రాం ఒకటి, రసీదు ప్రింట్ చేసే ప్రోగ్రాం ఇంకొకటి, రెండూ ఒకే లినక్స్ మెషీన్‌లో నడుస్తాయి. కరెంటు పోయొచ్చిన రోజుల్లోనే, అదీ ప్రతిసారీ కాదు, రసీదు ప్రోగ్రాం అలా లేచి ఇలా పోతుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, ‘టర్మినేటెడ్’ అని ఒక్క ముక్క ఉంటుంది. కాటా దగ్గర కూర్చునే అబ్బాయి "నేనేం ముట్టుకోలేదన్నా, దాని పాటికి అదే పోయింది" అంటాడు, అతను చెప్పేది నిజమే. ప్రింటర్ మార్చారు, కేబుల్ మార్చారు, చివరికి యూపీఎస్ కూడా మార్చారు.

‘టర్మినేటెడ్’ అంటే ఎవరో దానికి ఆగిపొమ్మని సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రాంకి, అంటే ప్రాసెస్‌కి, పంపే చిన్న సందేశం; కిల్ కమాండ్ పంపేది ఇదే) పంపారని. ముందు చేయాల్సింది, అది ఎవరు పంపారో కనుక్కోవడం. పడిపోయే ప్రోగ్రాంకి ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాంకీ కెర్నెల్‌కీ, అంటే లినక్స్ గుండెకాయకీ, మధ్య జరిగేది చూపించే పరికరం) తగిలించి పెట్టండి. సిగ్‌టర్మ్ (మర్యాదగా ఆగమనే సిగ్నల్) వచ్చిన క్షణంలో పంపినవాడి పిఐడి (ప్రతి ప్రాసెస్‌కీ ఉండే నంబరు), యూజర్ నంబరు రెండూ ఆ లైన్లోనే కనిపిస్తాయి. వచ్చింది సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) అయితే మాత్రం ఎస్‌ట్రేస్‌లో పంపినవాడి పేరు ఉండదు, అప్పుడు కెర్నెల్‌లోని సిగ్నల్ జెనరేట్ ట్రేస్‌పాయింట్ (సిగ్నల్ పుట్టినప్పుడల్లా నమోదు చేసే చోటు) మీద కన్నేయాలి.

మిల్లులో దొరికిన దొంగ కాటా ప్రోగ్రాం స్టార్ట్ స్క్రిప్ట్. కాటా ప్రోగ్రాం లేచినప్పుడు తన పిఐడిని ఒక ఫైల్లో రాసిపెడుతుంది, మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు స్క్రిప్ట్ ఆ ఫైలు చదివి, పాతది ఇంకా బతికుందేమో అని ఆ నంబరుకి ఒక సిగ్‌టర్మ్ కొడుతుంది. ఫైలు డిస్కు మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా చెరిగిపోదు. మెషీన్ మళ్లీ లేస్తే నంబర్లు మొదటి నుంచి మొదలవుతాయి, బూట్ అయ్యే వరుస దాదాపు రోజూ ఒకటే, కాబట్టి నిన్న కాటా ప్రోగ్రాంకి ఉన్న నంబరు ఇవాళ పక్కనున్న రసీదు ప్రోగ్రాంకి రావడంలో వింతేమీ లేదు. స్క్రిప్ట్ దాన్ని చంపేసి హాయిగా తన పని తాను చేసుకుపోతుంది.

రీబూట్ లేకపోయినా ఇదే జరగొచ్చు. లినక్స్‌లో పిఐడి గరిష్ఠ పరిమితి డిఫాల్ట్‌గా చాలాకాలం 32768గా ఉండేది. నంబర్లు వరుసగా పెరుగుతూ పోయి, చివరికి చేరాక 300 నుంచి మళ్లీ ఖాళీలు వెతుక్కుంటాయి. మీరు వాడుకోవడం మానేసిన ఫోన్ నంబరు ఇంకెవరికో ఇచ్చేశాక మీ బ్యాంకు ఓటీపీ వాళ్లకి పోయినట్టే ఇది కూడా. 64 బిట్ మెషీన్లలో ఆ పరిమితిని 4194304 దాకా పెంచుకోవచ్చు, సిస్టమ్‌డీ (సర్వీసులని లేపి, ఆపే ప్రోగ్రాం) 243 వెర్షన్ నుంచి తనే పెంచేస్తుంది. అదొక్కటే చేస్తే చాలంటారు కొందరు. చాలదు. బగ్ ఇంకా అరుదుగా వస్తుంది అంతే, అరుదుగా వచ్చేది పట్టుకోవడం ఇంకా కష్టం.

"కిల్ కొట్టే ముందు ప్రాసెస్ పేరు చెక్ చేస్తే సరి కదా" అని కూడా అంటారు. చెక్ చేసిన క్షణానికీ కిల్ కొట్టిన క్షణానికీ మధ్య అది చచ్చిపోయి, ఆ నంబరుతో వేరేది పుట్టొచ్చు. మామూలు కిల్ సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని పని అడిగే పిలుపు) పిఐడి నంబరు మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఈ సందుని మీ వైపు నుంచి ఎంత జాగ్రత్తపడినా పూడ్చలేరు, కెర్నెలే వేరే దారి ఇవ్వాలి.

పరిష్కారం: నంబరు దాచుకోవద్దు, హ్యాండిల్ పట్టుకోండి.

లినక్స్‌లో ఆ హ్యాండిల్ పేరు పిడ్‌ఎఫ్‌డి. ఇదీ ఒక ఫైల్ డిస్క్రిప్టరే (తెరిచినదానికి కెర్నెల్ ఇచ్చే గుర్తు), కానీ ఒక్క ప్రాసెస్‌కే అతుక్కుని ఉంటుంది. ఆ ప్రాసెస్ పోయాక అదే నంబరుతో వంద పుట్టినా ఈ హ్యాండిల్ వాటిలో దేనికీ పనికిరాదు, సిగ్నల్ పంపబోతే ‘అలాంటి ప్రాసెస్ లేదు’ అనే ఎర్రర్ వస్తుంది. మనకి కావాల్సిందీ అదే. సిగ్నల్ పంపే కాల్ 2019లో 5.1 కెర్నెల్‌తో వచ్చింది, ఉన్న ప్రాసెస్‌కి హ్యాండిల్ తెరిచే కాల్ 5.3తో. గ్లిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) వీటికి ఫంక్షన్లు 2.36 నుంచి ఉన్నాయి, పైథాన్ వాళ్లకి 3.9 నుంచి. ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఓఎస్) వాళ్లు ఇంకా ముందే, 9.0 లోనే, పీడీఫోర్క్, పీడీకిల్ పేరుతో ఇలాంటిదే పెట్టుకున్నారు.

అయితే ఇక్కడే ఒక మెలిక. ఫైల్లోంచి చదివిన నంబరుతో పిడ్‌ఎఫ్‌డి తెరిస్తే పాత సమస్యే కొత్త చొక్కా వేసుకుని వస్తుంది, తెరిచేసరికే అది వేరేవాడిది అయ్యుండొచ్చు. కాబట్టి వరుస ముఖ్యం: ముందు హ్యాండిల్ తెరవండి, తెరిచాక ప్రాక్‌లో (ప్రాసెస్‌ల వివరాలు చూపే డైరెక్టరీ) ఆ నంబరు కింద ఉండే స్టాట్ ఫైల్లో 22వ ఫీల్డు, అంటే ప్రాసెస్ మొదలైన సమయం, మీరు రాసిపెట్టుకున్నదే అవునో కాదో చూడండి, అవునంటేనే హ్యాండిల్ ద్వారా సిగ్నల్ పంపండి. చెక్ చేసేటప్పటికి అసలు మనిషే బతికున్నాడంటే, అంతకు ముందు తెరిచిన హ్యాండిల్ కచ్చితంగా అతనిదే. చెక్ ముందు, తెరవడం తర్వాత అయితే మాత్రం ఉపయోగం సున్నా. ఆ సమయం బూట్ నుంచి లెక్కించేది కాబట్టి పిఐడి ఫైలుని రీబూట్‌కి చెరిగిపోయే రన్ డైరెక్టరీలో పెట్టండి. సొంత పిల్ల ప్రాసెస్ అయితే ఈ గొడవే లేదు: మీరు వెయిట్ కాల్‌తో దాని ముగింపు తెలుసుకునేదాకా అది చచ్చినా జాంబీగా నంబరు పట్టుకునే ఉంటుంది (పిల్ల పోయిందని చెప్పే సిగ్‌చైల్డ్ సిగ్నల్‌ని ఇగ్నోర్ చేయకపోతే).

నా మాట అడిగితే మామూలు సర్వీసులకి ఇదంతా చేతితో రాసుకోవద్దు. పిఐడి ఫైలు తీసేసి సిస్టమ్‌డీకి అప్పగించండి, పేరెంట్ అదే కాబట్టి ఎవరు ఎవరో దానికి తెలుసు. ఆపమంటే ముందు సిగ్‌టర్మ్, 90 సెకన్లలో పోకపోతే సిగ్‌కిల్. మిల్లులో చేసిందీ ఇదే.

కెర్నెల్ మాడ్యూల్ రాసేవాళ్లకి (కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది): డ్రైవర్‌లో యూజర్ ప్రాసెస్ పిఐడిని పూర్ణాంకంగా దాచుకుని, ఇంటరప్ట్ వచ్చినప్పుడు దానికి సిగ్నల్ పంపడం కూడా ఇదే తప్పు. స్ట్రక్ట్ పిడ్‌కి (పిఐడికి కెర్నెల్ లోపల ఉండే రికార్డు) గెట్‌పిడ్‌తో రిఫరెన్స్ తీసుకుని దాచండి, కిల్‌పిడ్‌తో పంపండి, పనైపోయాక పుట్‌పిడ్. టాస్క్ స్ట్రక్ట్‌నే (ప్రాసెస్ మొత్తం వివరాలుండే రికార్డు) పట్టుకోవచ్చు కదా అంటే, చచ్చిన ప్రాసెస్ కోసం అంత పెద్ద వస్తువుని మెమరీలో ఉంచడం దండగ, స్ట్రక్ట్ పిడ్ చాలా చిన్నది. ఇంకో సంగతి, కెర్నెల్ హోదాలో పంపితే పర్మిషన్ చెక్ జరగదు. ఎవరో మీ డివైస్ తెరిచి సిగ్నల్ అడిగి, తర్వాత సెట్‌యూఐడీ (ఫైలు ఓనర్ అధికారాలతో నడిచే) ప్రోగ్రాంగా మారిపోతే దానికీ మీ సిగ్నల్ తగులుతుంది. అందుకే వీలైనంతవరకు ఎఫ్‌అసింక్ (డివైస్ నుంచి సిగ్నల్ అడగడానికి కెర్నెల్‌లోనే ఉన్న ఏర్పాటు) దారి వాడండి, అది ఓనర్ యూజర్ నంబర్లు గుర్తుపెట్టుకుని పంపే ముందు సరిచూస్తుంది.

ఇంకొన్ని, క్లుప్తంగా.

సమస్య: రూట్‌గా (పూర్తి అధికారంతో) నడిచే ప్రోగ్రాం ఉన్నట్టుండి మెషీన్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి చేసిన లాగిన్) తెగిపోతుంది, కానీ అప్‌టైమ్ చూస్తే రీబూట్ కాలేదు. కారణం: ఫోర్క్ (పిల్ల ప్రాసెస్‌ని పుట్టించే కాల్) ఫెయిలై మైనస్ 1 ఇచ్చింది, దాన్నే పిఐడి అనుకుని కిల్‌కి ఇచ్చారు, మైనస్ 1 అంటే అందరికీ అని అర్థం. పరిష్కారం: కిల్‌కి ముందు పిఐడి సున్నా కంటే పెద్దదా అని ఒక్క లైను రాయండి.

సమస్య: పిల్ల ప్రాసెస్‌లు జాంబీలుగా పేరుకుపోతున్నాయి. కారణం: మామూలు సిగ్నళ్లు క్యూలో నిలబడవు, మూడు పిల్లలు ఒకేసారి పోతే ఒక్క సిగ్‌చైల్డే రావొచ్చు. హ్యాండ్లర్‌లో (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) వెయిట్‌పిడ్‌ని నోహ్యాంగ్‌తో (ఆగి ఎదురుచూడకుండా) లూప్‌లో, ఇంక ఎవరూ లేరనేదాకా పిలవాలి.

సమస్య: సిగ్‌కిల్ కొట్టినా చావడం లేదు. పీఎస్ కమాండ్‌లో దాని స్థితి డీ అని చూపిస్తే అది కెర్నెల్ లోపల డిస్కు కోసమో నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్ కోసమో ఎదురుచూస్తోంది, ఎన్నిసార్లు కొట్టినా అంతే, ముందు ఆ డిస్కు సంగతో సర్వర్ సంగతో చూడండి. డీ లేకుండా, కంటైనర్ (అదే మెషీన్‌లో విడిగా గిరిగీసిన చోటు) లోపల ఒకటో నంబరు ప్రాసెస్ అయితే మాత్రం కథ వేరు: లోపలి నుంచి ఎవరు సిగ్‌కిల్ కొట్టినా దాన్ని పట్టదు, బయట హోస్ట్ నుంచి కొట్టండి, పోతుంది.