మెల్‌బోర్న్‌లో పుప్పొడి కాలం, ఉరుముల వాన: అక్కడ స్థిరపడిన తెలుగువారు ఊపిరితిత్తులను కాపాడుకోవడం ఎలా?

2016 నవంబరు 21 సోమవారం. మన పంచాంగం ప్రకారం అది కార్తీక సోమవారం. ఆ రోజు మెల్‌బోర్న్‌లో సుమారు 35 డిగ్రీల ఎండ కాసింది. సాయంత్రం పడమటి దిక్కు నుంచి ఉరుములతో గాలివాన వచ్చింది. ఆ తరువాత కొద్ది గంటల్లోనే వేలమంది ఊపిరాడక ఆసుపత్రుల బాట పట్టారు. ఆ రాత్రి, మర్నాడు కలిపి శ్వాస ఇబ్బందితో అత్యవసర విభాగాలకు వచ్చినవారి సంఖ్య మామూలు రోజులకన్నా 3,300కు పైగా ఎక్కువ. పది మంది ప్రాణాలు కోల్పోయారు. బాధితుల్లో భారత ఉపఖండంలోనూ ఇతర ఆసియా దేశాల్లోనూ పుట్టినవారు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారు. వారిలో ఎందరికో తమకు ఆస్తమా ఉందని అంతవరకూ ఏ డాక్టరూ చెప్పలేదు.

దీనిని అక్కడ థండర్‌స్టార్మ్ ఆస్తమా అంటారు. ఇది 2016లో తొలిసారి వచ్చినది కాదు. 1987, 1989, 2010 సంవత్సరాల్లోనూ ఇదే నగరంలో, ఇదే నవంబరులో వచ్చింది. చదువుకో ఉద్యోగానికో మెల్‌బోర్న్ వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు దీని గురించి ఏం తెలుసుకోవాలో, ఏ నెలలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం ఒకటుంది. దేశం మారినప్పుడు మనం పీల్చే గాలి మారుతుంది. ఆ గాలిలోని కొత్త పదార్థాలకు మన శరీరం ఎలా స్పందిస్తుందో మొదటి ఏడాదిలోనే తేలదు. మెల్‌బోర్న్‌కు ఉత్తరాన, పడమరన ఉన్న పచ్చిక బయళ్ళలో రై గడ్డి విస్తారంగా పెరుగుతుంది. ఇది చల్లని ప్రాంతాల పశుగ్రాసం; మన తెలుగు నేల మీద పెరిగినవారికి దీని పుప్పొడితో పరిచయమే ఉండదు. కాబట్టి వెళ్ళిన కొత్తలో ఏమీ కాదు. రెండు మూడు వసంతాలు గడిచేసరికి శరీరం ఆ పుప్పొడిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, తుమ్ములు మొదలవుతాయి. ఆసియా నుంచి వలస వచ్చినవారిపై మెల్‌బోర్న్‌లో జరిగిన అధ్యయనాల్లో, అక్కడ నివసించిన కాలం పెరిగేకొద్దీ హే ఫీవర్ (పుప్పొడి అలర్జీతో వచ్చే తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద), ఆస్తమా కూడా పెరిగినట్టు తేలింది. “ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, మాకేమీ కాలేదు” అనే ధైర్యం ఈ విషయంలో పనికిరాదు. ఇన్నేళ్ళుగా ఉండటమే ఇక్కడ కారణమవుతుంది.

ఉరుముల వానకూ దీనికీ సంబంధం ఏమిటంటే, రై గడ్డి పుప్పొడి గింజ మామూలుగా ముక్కులోనే ఆగిపోయేంత పెద్దది. అందుకే అది తుమ్ములతో, కళ్ళ దురదతో సరిపెడుతుంది. గాలివాన పచ్చిక బయళ్ళ మీదుగా వచ్చేటప్పుడు ఈ గింజలను పైకి లాగుతుంది. మేఘాల తేమకు అవి పగిలి, ఒక్కొక్క గింజ నుంచి వందల సంఖ్యలో సూక్ష్మమైన పిండి రేణువులు బయటపడతాయి. వాన పడటానికి ముందు నేలను తాకి ముందుకు దూసుకొచ్చే చల్లగాలి ఈ రేణువులను జనం పీల్చే ఎత్తులోకి తెచ్చి పోస్తుంది. ఇవి ముక్కులో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల లోతుకు వెళతాయి. అందువల్ల ఏళ్ళ తరబడి తుమ్ములతోనే సరిపెట్టుకున్న మనిషికి ఆ ఒక్క సాయంత్రం శ్వాసనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఏర్పడుతుంది. తెలుగువారు ఎక్కువగా ఇళ్ళు కొనుక్కున్న టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వంటి పేటలు నగరానికి పడమటి వైపున ఉన్నాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఆగస్టు, సెప్టెంబరు: ముందుగా చేయవలసినవి

మొదట ఇంట్లో ప్రతి ఒక్కరి గురించీ ఒక ప్రశ్న వేసుకోండి: సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వరుసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద ఎవరికి వస్తున్నాయి? మన ఊళ్ళో నవంబరు అంటే చలి మొదలయ్యే కాలం, జలుబులు వచ్చే కాలం. ఆ అలవాటు మనసులో ఉండిపోవడం వల్ల మెల్‌బోర్న్ వసంతంలో వచ్చే హే ఫీవర్‌ను కూడా మనవాళ్ళు జలుబనే అనుకుంటారు. పసుపు పాలు, మిరియాల కషాయం, ఆవిరి పట్టడం వంటివి హాయినిస్తాయి, తప్పేమీ లేదు. కానీ వారం పది రోజుల్లో తగ్గకుండా వసంతమంతా సాగే జలుబు జలుబు కాదు. జీపీ (అక్కడ కుటుంబ వైద్యుడిని అలా అంటారు) దగ్గరికి వెళ్ళి, రై గడ్డి అలర్జీ ఉందేమో రక్త పరీక్షతో గానీ చర్మ పరీక్షతో గానీ తేల్చమని అడగండి. రాత్రి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు ఉంటే అవి కూడా దాచకుండా చెప్పి, ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి.

హే ఫీవర్ తేలితే, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేను పుప్పొడి కాలానికి కొన్ని వారాల ముందే మొదలుపెట్టి కాలమంతా రోజూ వాడాలి. అది వెంటనే పనిచేసే మందు కాదు, రోజూ వాడితేనే ఫలితం. తుమ్ములకు వేసుకునే యాంటీ హిస్టమిన్ మాత్ర ఒక్కటే ఉరుముల వానలో ఊపిరిని కాపాడుతుందని నమ్ముకోకూడదు. ప్రతి ఏటా తీవ్రంగా బాధపడేవారు రై గడ్డికి ఇమ్యునోథెరపీ (అలర్జీ కలిగించే పదార్థాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేసే చికిత్స) గురించి అలర్జీ నిపుణుడిని అడగవచ్చు. ఆ చికిత్స పుప్పొడి కాలానికి కొన్ని నెలల ముందు మొదలై సాధారణంగా మూడేళ్ళు సాగుతుంది.

ఆస్తమా ఉందని తేలినవారికి జీపీ ఒక ఆస్తమా యాక్షన్ ప్లాన్ రాసి ఇస్తారు. ఏ లక్షణానికి ఏ మందు, ఎన్ని పఫ్‌లు, ఎప్పుడు అంబులెన్స్ అన్నది అందులో ఉంటుంది. దానిని ఫ్రిజ్ తలుపుకు అతికించండి.

ఇక్కడ ఇన్హేలర్ గురించి మనసు విప్పి మాట్లాడాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. “పంపు మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుంది”, “అమ్మాయికి ఆయాసం ఉందని తెలిస్తే సంబంధాలు రావు” అనే మాటలు వినని తెలుగు కుటుంబం అరుదు. చిన్నప్పుడు మృగశిర కార్తె నాడు చేప మందు మింగించాం కాబట్టి ఇక రాదని నమ్మే పెద్దలు కూడా ఉన్నారు. వారి ప్రేమను శంకించనవసరం లేదు. అయితే ఇన్హేలర్ మత్తుమందు కాదు, అలవాటు పడే పదార్థం కాదు. మాత్రకన్నా ఎంతో తక్కువ మోతాదులో మందు నేరుగా శ్వాసనాళానికే చేరుతుంది. రిలీవర్, ప్రివెంటర్ వేర్వేరని కూడా తెలుసుకోవాలి. సాల్బ్యుటమాల్ ఉండే రిలీవర్ బిగుసుకున్న నాళాలను కొన్ని నిమిషాల్లో తెరుస్తుంది. ప్రివెంటర్ లోపలి వాపును తగ్గిస్తుంది, దాని బలం రోజూ వాడటంలో ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న నీలి పంపుతో ఏళ్ళు నెట్టుకొస్తున్నవారు చాలామందే. వారంతా తమకు ప్రివెంటర్ గానీ, వాపును తగ్గించే బ్యుడెసొనైడ్, నాళాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ గానీ అవసరమేమో జీపీని తప్పక అడగాలి.

సాల్బ్యుటమాల్ ఇన్హేలర్‌ను ఆస్ట్రేలియా ఫార్మసీలో చీటీ లేకుండానే కొనవచ్చు. దానితోపాటు స్పేసర్, అంటే ఇన్హేలర్‌కు తగిలించి మందు పీల్చుకునే గొట్టం కూడా కొనండి. స్పేసర్ లేకపోతే మందులో చాలా భాగం గొంతులోనే ఉండిపోతుంది. హే ఫీవర్ ఉన్నవారి ఇంట్లో ఆస్తమా లేకపోయినా పుప్పొడి కాలంలో రిలీవర్ అందుబాటులో ఉంచుకోవడం మంచిది. గడువు తేదీ చూసుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి మనిషి వెంట ఉండాలి. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద వదిలేయవద్దు.

అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు

ఈ మూడు నెలలూ థండర్‌స్టార్మ్ ఆస్తమా ముప్పును వాతావరణ శాఖ, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి మూడు రోజుల ముందుగా అంచనా వేసి ప్రకటిస్తాయి. 2016 అనుభవం తరువాత 2017లో ఈ ఏర్పాటు మొదలైంది. ఆ రాష్ట్ర అత్యవసర హెచ్చరికల యాప్ అయిన విక్‌ఎమర్జెన్సీని ఫోనులో పెట్టుకుని, మీ పేటకు హెచ్చరికలు వచ్చేలా అమర్చుకోండి. ఆకుపచ్చ తక్కువ ముప్పు, నారింజ మధ్యస్థం, ఎరుపు ఎక్కువ. దీనితోపాటు రోజువారీ గడ్డి పుప్పొడి అంచనాను కూడా చూస్తూ ఉండాలి.

కార్తీక వనభోజనాలు, సాయంత్రపు క్రికెట్, దీపావళి వేడుకలు అన్నీ ఈ కాలంలోనే, ఎక్కువగా పార్కుల్లోనే జరుగుతాయి. వాటిని మానుకోమని నేను అనను. వనభోజనాల తేదీ ఖరారు చేసే సంఘం వారు ముందు రోజు అంచనా చూడాలి; లోపలికి వెళ్ళడానికి ఒక హాలు దగ్గరలో ఉండేలా చూసుకోవాలి; వంట సామానుతోపాటు ఒక రిలీవర్, స్పేసర్ పెట్టుకోవాలి. సాయంత్రాలు బైకు మీద ఫుడ్ డెలివరీ చేసే విద్యార్థులకు ప్రమాదం మరింత ఎక్కువ. హే ఫీవర్ ఉన్న విద్యార్థి ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు, గాలివాన వచ్చే వేళలో ఆర్డర్లు తీసుకోకూడదు. ఒక పూట సంపాదన పోతుందన్న బాధ నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

గాలివాన వచ్చే సూచన కనబడగానే, ముఖ్యంగా వానకు ముందు ఒక్కసారిగా వీచే చల్లగాలి రాకముందే లోపలికి వెళ్ళి కిటికీలు, తలుపులు మూసేయాలి. మెల్‌బోర్న్ ఇళ్ళలో చాలావాటికి ఎవాపరేటివ్ కూలింగ్ ఉంటుంది. అది బయటి గాలిని లోపలికి లాగే యంత్రం కాబట్టి దానిని తప్పనిసరిగా ఆపేయాలి. లోపలి గాలినే తిప్పే స్ప్లిట్ ఏసీ వేసుకోవచ్చు. కారులో ఉంటే అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ బటన్ నొక్కాలి. ఎండ చల్లబడి వాన వాసన వస్తే ఆరుబయట నిలబడి ఆస్వాదించడం మనకు చిన్ననాటి నుంచీ ఇష్టమైన పని. నవంబరు మెల్‌బోర్న్‌లో, హే ఫీవర్ ఉన్నవారు మాత్రం దానిని కిటికీ అద్దం వెనుక నుంచే చూడాలి.

ఊపిరాడకపోతే

మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. రిలీవర్‌ను ఊపి స్పేసర్‌కు తగిలించి ఒక పఫ్ వదలండి. ఆ మనిషి స్పేసర్‌లోంచి నాలుగుసార్లు ఊపిరి తీసి వదలాలి. ఇలా ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇవ్వండి. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మరో నాలుగు పఫ్‌లు ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే అత్యవసర నంబరు 000కు ఫోను చేసి, అంబులెన్స్ వచ్చేవరకూ నాలుగు నిమిషాలకోసారి నాలుగేసి పఫ్‌లు ఇస్తూనే ఉండండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, ఇన్హేలర్ దగ్గర లేకపోయినా ఆలస్యం చేయకుండా ముందే 000కు చేయాలి.

ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకు ఈ వరుసను తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంగ్లీషు రానివారు 000కు చేసినప్పుడు ముందుగా “అంబులెన్స్” అని, తరువాత “తెలుగు” అని చెబితే చాలు, దుబాషీని కలుపుతారు. అత్యవసరం కాని సందేహాలకు నర్స్ ఆన్ కాల్ 1300 60 60 24 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. ఖర్చుకు భయపడి అంబులెన్స్‌ను పిలవని సందర్భం రాకూడదు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ అంబులెన్స్ ఖర్చు భరించదు కాబట్టి, కుటుంబం మొత్తానికి రాష్ట్ర అంబులెన్స్ సేవ అయిన అంబులెన్స్ విక్టోరియా సభ్యత్వం తీసుకోండి. విద్యార్థులు, సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు తమ బీమాలో అంబులెన్స్ ఉందో లేదో అక్టోబరుకు ముందే చూసుకోవాలి.

ఆయాసం తగ్గి ఇంట్లోనే కుదుటపడినవారు కూడా మర్నాడు జీపీని కలవాలి. ఒకసారి బిగుసుకున్న శ్వాసనాళాల్లో వాపు కొన్ని రోజులపాటు ఉంటుంది, తరువాతి గాలివాన ఆ వారంలోనే రావచ్చు.