భారీ క్వార్కుల పాఠం 6: ఆ 16.7 ఎక్కడ తప్పింది?

పోయిన పాఠం లెక్క ఇది: ప్రోటాన్ల ఢీలో పుట్టిన ఒక డి మెసాన్‌కు (చార్మ్ క్వార్క్, తేలికపాటి యాంటీక్వార్క్ జతకట్టిన కణం) ప్రోటాన్ పుంజానికి అడ్డంగా 10 జీఈవీ (కణాల లెక్కల్లో వాడే ప్రమాణం) ద్రవ్యవేగం ఉంది. జెడ్ అంటే క్వార్క్ ద్రవ్యవేగంలో మెసాన్‌కు దక్కే వాటా; దాని సగటు 0.6. ఆ మెసాన్ తల్లి చార్మ్ క్వార్క్‌కు సగటున ఎంత ఉండి ఉంటుంది? దాదాపు అందరూ 10ని 0.6తో భాగించి 16.7 అన్నారు. ఇవాళ బేరియాన్లు (మూడు క్వార్కుల కణాలు) మొదలుపెట్టాలి కానీ, ఇది తేలకుండా ముందుకు పోలేం.

ఇంకో పొరపాటు చిన్నది. మెసాన్‌గా మారేటప్పుడు బరువైన క్వార్క్ తన ద్రవ్యవేగంలో ఎక్కువ వాటా పోగొట్టుకుంటుందని కొందరు రాశారు. నార్కట్‌పల్లి దగ్గర లోడు లారీ ఒక మనిషిని ఎక్కించుకుంటే దాని వేగం ఏం తగ్గుద్ది? తేలికపాటి యాంటీక్వార్క్ తోడైతే, చార్మ్ కంటే బరువైన బాటమ్ క్వార్క్‌కూ అంతే. లెప్ (సెర్న్‌లోని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీ యంత్రం) కొలతల్లో హాడ్రాన్‌కు, అంటే క్వార్కులతో కూడిన కణానికి, దక్కిన వాటా బాటమ్‌కు సుమారు 0.7, చార్మ్‌కు సుమారు 0.5.

ఇక అసలు చిక్కు. ఆ 0.6 అన్ని చార్మ్‌ల సగటు. మీరు ఏరుకున్నది మాత్రం 10 దగ్గర తేలిన మెసాన్లని. బత్తాయి తోటలో పెద్ద కాయలు కొన్నే, చిన్నవి బోలెడు అనుకోండి. వలిచాక 150 గ్రాములు తూగిన పండు మందపు తొక్క పెద్దకాయదా, పలుచ తొక్క చిన్నకాయదా? చిన్నకాయదే అయ్యే అవకాశం ఎక్కువ. అంటే మీ చేతికొచ్చిన వాటిలో తొక్క తక్కువ పోయినవే, అనగా జెడ్ పెద్దవే, ఎక్కువ.

క్వార్కుల సంఖ్య ద్రవ్యవేగం ఐదో ఘాతానికి విలోమంగా పడిపోతుందనుకుందాం. 20 దగ్గర ఉన్నవి 10 దగ్గర ఉన్నవాటిలో 32వ వంతు. కానీ జెడ్ 0.5 అయితే మెసాన్ వైపు 1 జీఈవీ వెడల్పుకు క్వార్క్ వైపు 2 జీఈవీ వస్తుంది. కాబట్టి 16వ వంతు. ఈ రెండింతలను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. సూత్రంగా, సగటు తీసేటప్పుడు ప్రతి జెడ్‌కూ ఇవ్వాల్సిన వెయిటేజీ జెడ్ నాలుగో ఘాతం.

జెడ్ 0.4, 0.6, 0.8 అయ్యే సంభావ్యతలు 0.3, 0.4, 0.3 అనుకోండి. సగటు 0.6. నాలుగో ఘాతంతో గుణిస్తే 0.0077, 0.0518, 0.1229, మొత్తం 0.1824. క్వార్క్ ద్రవ్యవేగం 10ని జెడ్‌తో భాగిస్తే వచ్చేది కాబట్టి, ఒక్కోదాన్నీ దాని జెడ్‌తో భాగించి కూడితే 0.2592. దీన్ని 0.1824తో భాగించి 10తో గుణించండి: 14.2. నేనైతే ఫార్ములా పట్టుకోకముందే ఇలా మూడు బిందువులతో చేసి చూస్తాను.

అభ్యాసం: ఐదుకు బదులు ఎన్ అని పెట్టి, అదే మూడు బిందువులతో ఎన్ 4కూ 6కూ చేయండి. తర్వాత, ఏ ఎన్ దగ్గర సరిగ్గా 16.7 వస్తుందో, బిందువులు మార్చినా భాగహారం అక్కడ ఎందుకు చెల్లుతుందో రాయండి.