హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు ఆ సంగతి చెప్పడం ఎలా?

“బలం మాత్ర” అంటూ ఏళ్ల తరబడి మందు మింగించే ఇళ్లను చూసి చూసి విసిగిపోయాను. సీసా మీది కాగితం కూడా చింపేస్తారు. పదమూడేళ్ల అమ్మాయి ఒకతె, చింపగా మిగిలిన ముక్క మీద ‘టెగ్రావిర్’ (డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు పేరులో తోక) అన్నంత వరకు చదివి, ఫోనులో వెతికి అంతా తెలుసుకుంది. మర్నాటి నుంచి మాత్రలు పరుపు కిందికి చేరాయి.

సన్నాహాలు పెద్దగా లేవు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే తాజా వైరల్ లోడ్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌తో ముందుగా మాట్లాడండి. ఆరేడేళ్ల పిల్లలకు “నీ రక్తంలో ఒక క్రిమి ఉంది, మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది” అంటే చాలు. జబ్బు పేరు మాత్రం పన్నెండేళ్లలోపు చెప్పేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే.

చిక్కంతా పేరు చెప్పే రోజే. ఆసుపత్రిలో చెప్పకూడదు. కొందరు కౌన్సెలర్లు దీనికి ఒప్పుకోరు, కానీ ఆ రాత్రి బిడ్డ పక్కన పడుకునేది వాళ్లు కాదు కదా! శనివారం ఉదయం, ఇంట్లో, చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పండి. చేతికి పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ముందు “ఈ మాత్ర ఎందుకని నీకు అనిపిస్తోంది?” అని అడగండి. చాలామందికి అప్పటికే అనుమానం ఉంటుంది. తర్వాత పేరు ఒకే వాక్యంలో చెప్పి ఆగండి. ఆ మౌనాన్ని భరించలేక పెద్దలే ఏడుపు అందుకుంటారు. అప్పుడు బిడ్డ తన బాధ మింగి అమ్మమ్మ కళ్లు తుడవాల్సి వస్తుంది.

“ఎలా వచ్చింది?” అంటే నిజమే చెప్పండి. అమ్మ నుంచి వచ్చి ఉంటే అలాగే చెప్పాలి, ఎవరినీ తిట్టకుండా. “చచ్చిపోతానా?” అంటే రిపోర్టు చూపించండి. రోజూ మాత్ర వేసుకుంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఉంటాయి.

“ఎవరికీ చెప్పకు” అన్న మాట మాత్రం వద్దే వద్దు. బిడ్డ చెవికి అది “నువ్వు సిగ్గుపడాలి” అన్నట్టే వినిపిస్తుంది. “ఎవరికి చెప్పాలో కలిసి ఆలోచిద్దాం” అనండి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని బడి నుంచి పంపేయడం కుదరదు.

తర్వాత మూడు వారాలు తిండి, నిద్ర గమనించండి. పురుగుమందు ఇంట్లో ఉంచకండి. బతకాలని లేదన్న మాట వినబడితే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. హెచ్‌ఐవీ సందేహాలకు 1097. మాత్రలు లెక్కపెట్టండి, కానీ బిడ్డ ఎదుట కాదు.