శిథిల నగరాన్ని చదవడం – 3వ పాఠం: బిషప్ చర్చిని ఎలా గుర్తుపట్టాలి?

పోయిన పాఠంలో రోమన్ ఊరి వీధుల్ని ప్లానులో పట్టుకోవడం చూశాం కదా, ఈసారి బిషప్ ఉన్న చోటు వెతుకుదాం. శాటిలైట్ మ్యాప్‌లో అల్జీరియాలోని తిమ్‌గాద్ తెరవండి. బాత్నాకు తూర్పున, ఓరెస్ కొండల ఉత్తరపు అంచున, బెర్బర్ల (ఉత్తర ఆఫ్రికా మూలవాసుల) నేలలో ఉంటుంది.

మొదట కళ్ళకు కనబడేది గళ్ళు గళ్ళుగా ఉన్న చతురస్రం. క్రీ.శ. 100లో ట్రాజన్ చక్రవర్తి రిటైరైన సైనికుల కోసం కట్టించిన కాలనీ అది, అప్పటి పేరు థముగాది. అక్కడే ఆగిపోకండి. క్రైస్తవులు బాహాటంగా పెద్ద చర్చిలు కట్టుకునే రోజులు వచ్చేసరికి ఊరి మధ్యలో ఫోరమ్ (ఊరి ప్రధాన కూడలి), థియేటర్, ఇళ్ళు ఎప్పుడో నిండిపోయాయి, కాబట్టి పెద్ద చర్చి కోసం గళ్ళు దాటి శివార్లు చూడాలి. ఇక్కడైతే ట్రాజన్ తోరణం దాటి పడమటి వైపు. చాలామంది తోరణం దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు, నాకు నిజంగా బాధేస్తుంది.

పొడవాటి హాలు, లోపల రెండు వరుసల స్తంభాల పీఠాలు, ఒక చివర అర్ధచంద్రాకారపు గోడ ఉంటే అది బసిలికా. కానీ రోమన్ల కోర్టు హాలు కూడా ఇలాగే ఉండొచ్చు! అందుకే పక్కన బాప్తిస్మపు తొట్టి ఉందేమో చూడండి. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వడం ముఖ్యంగా బిషప్ పని, కాబట్టి ఇది బలమైన ఆధారం, అయితే ఇదొక్కటే చాలదు. తిమ్‌గాద్‌లో మొజాయిక్ పరిచిన తొట్టి ఉంది, దగ్గర్లోని ఇంట్లో దొరికిన మొజాయిక్ రాతలో ఆప్టాటస్ అనే పేరు కూడా ఉంది.

ఇప్పుడు ఆ పేరును చరిత్రతో కలపాలి. 256లో కార్తేజ్‌లో (ఇప్పటి ట్యునీషియాలో ఉంది) జరిగిన బిషప్పుల సభకు ఈ ఊరి బిషప్ నోవాటస్ వెళ్ళాడు. 303లో క్రైస్తవులపై రోమన్ ప్రభుత్వం మొదలుపెట్టిన హింసలో కొందరు మతగురువులు పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించారు, అలాంటివాళ్ళు ఇచ్చే సంస్కారాలు (బాప్తిస్మం లాంటి పవిత్ర కర్మలు) చెల్లవన్న డోనటిస్టులు వేరుపడ్డారు. దాంతో చాలా ఊళ్ళలో ఇద్దరేసి బిషప్పులు! ఆప్టాటస్ ఈ ఊరి డోనటిస్టు బిషప్. ఆఫ్రికాలోని రోమన్ సైన్యాధిపతి గిల్డోతో చేతులు కలిపాడు, 398లో గిల్డో తిరుగుబాటు అణిగిపోయాక జైల్లో చనిపోయాడు. తర్వాతి డోనటిస్టు బిషప్ గౌడెంటియస్, చర్చిని స్వాధీనం చేసుకోవడానికి రోమన్ అధికారి వస్తే, జనంతో సహా అందులోనే కాలిపోతానన్నాడు. నా దృష్టిలో ఆ గోడల్ని చూసేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

అభ్యాసం: అల్జీరియాలోనే ఉన్న జెమిలా ప్లాను తీసుకోండి. దక్షిణాన పక్కపక్కనే రెండు బసిలికాలు కనిపిస్తాయి. వాటి దగ్గర గుండ్రటి కట్టడాన్ని వెతికి, అదేమిటో, ఎందుకలా అనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాయండి.